జోజప్పగారు నిలిచిపోయిన గడప

విగ్రహం తనంత తాను కదులుతుందని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. కూనవరంలో కలప వ్యాపారం చేసే మా బావ సరిగ్గా ఆ మాటే చెప్పాడు. బస్తరు సంస్థానంలో, కోంటకు అవతల, ఒక కతోలిక గూడెంలో, బాల యేసును పెంచిన జోజప్పగారి పండుగనాడు పల్లకి మోసేవాళ్లను స్వామి తనకు నచ్చిన దిక్కుకు లాక్కుపోతాడట. నువ్వు చూశావా అంటే లేదన్నాడు. నేను చూసి వస్తానని మార్చిలో బయల్దేరాను.

రాజమండ్రిలో లాంచీ పొద్దున ఆరింటికి. ఎండాకాలం వెళ్లేవాళ్లు తిండి కట్టుకుని ఎక్కండి. పాపికొండల దగ్గర ఇసుకమేటకు తగులుకుంటే అందరం దిగి తోశాం. కూనవరంలో పడుకుని, మర్నాడు శబరి పక్కనే ఎడ్లబండి ప్రయాణం. చింతూరులో ఒక రాత్రి గడిపి, మరుసటి మధ్యాహ్నానికి కోంట చేరాను. అక్కడి సరిహద్దు నాకాలో సంస్థానం జవాను నా పేరూ ఊరూ హిందీలో అడిగి, పండుగ చూడ్డానికి ఇంత దూరమా అని నవ్వాడు.

ఆరోజు సంత. చింతపండు అమ్మి ఉప్పు కొనుక్కుని వెళుతున్న ఆ గూడెం రైతు పౌలయ్య నన్ను బండెక్కించుకున్నాడు. అరవై దాటిన మనిషి, మెడలో జపమాల. "పండుగకొస్తున్నరా అయ్యా, పండుగను సూడొస్తున్నరా?" అన్నాడు. చూడ్డానికే అన్నాను.

దారిలో తన కష్టం చెప్పుకొచ్చాడు. పోయిన వానల్లో అతని కూతురు మార్తమ్మ కొడుక్కి జ్వరం వచ్చి ఎంతకూ తగ్గలేదు. ప్రార్థనలు అయ్యాయి. చివరికి ఆమె పిల్లాణ్ని చంకనేసుకుని పక్క కోయగూడెంలో వేల్పుల పూజారి దగ్గరికి పరుగెత్తింది. బిడ్డ బతికాడు. అదే ఉపదేశికి మింగుడుపడలేదు. ఫాదరు లేని రోజుల్లో గుడి నడిపించే పెద్ద ఆయనే. మార్తమ్మను గుడి మెట్లెక్కనివ్వలేదు. ఆడవాళ్లు ఆమె కడవను తమ కడవల పక్కన పెట్టనివ్వడం లేదు. గోదావరి అవతల నుంచి ఫాదరు వచ్చేది ఏడాదికొకసారి, ఈ పండుగకే. ఊరు ఒప్పుకుంటే చేర్చుకుంటానంటాడాయన. ఊరంతా ఉపదేశి మొహం చూస్తుంది. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది.

"బిడ్డ కండ్లు తేలేస్తుంటే ఏ తల్లి ఊకుంటదయ్యా?" అన్నాడు పౌలయ్య.

గూడెం చేరేసరికి పొద్దు గుంకింది. ఊరంతా ఇప్పపూల వాసన. వీళ్ల తాతలు గోదావరి దాటి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నారు. చుట్టుపక్కల కోయలు తమ వేల్పును దుంగగా భుజాన మోస్తూ ప్రశ్నలడుగుతారు, అది ఊగి జవాబు చెబుతుంది. ఆ అలవాటే కంచె దాటి జోజప్పగారికి అంటుకుందని నాకు అర్థమైంది.

పండుగ పొద్దున ఎనిమిదింటికి పూజ, తర్వాత కోడికూరతో భోజనాలు. పల్లకి నాలుగింటికి. మోసే నలుగురిలో ఒకడి కాలు మడతపడిందని తెలిసి నేను భుజమిస్తానన్నాను. ఎవరు నెడుతున్నారో కొయ్య కింద ఉంటే తెలిసిపోతుంది కదా! ఉపదేశి మొహం చిట్లించాడు. ఫాదరు నవ్వి, నమ్మకం లేని భుజానికి బరువు ఎక్కువ తెలుస్తుంది, జాగ్రత్త అన్నాడు. ముందు పౌలయ్య, ఉపదేశి పెద్దకొడుకు. వెనక నేను, ఉపదేశి చిన్నకొడుకు.

రెండో వీధిలోనే గుట్టు దొరికింది. నలుగురి అడుగులు కలవవు. బరువు ఒక పక్కకు జారుతుంది. దాన్ని సర్దబోతే ఆ సర్దుబాటే లాగినట్టుంటుంది. లోలోపల సంబరపడ్డాను.

ఊరి చివర ఒక గడప ముందు పల్లకి ఆగిపోయింది. ఆగమని ఎవరూ అనలేదు. కొయ్య నా భుజంలోకి దిగింది. ముందు పౌలయ్య మడమలు దుమ్ములో పాతుకుపోయి కనిపించాయి. అమ్మ ముసలాయనా అనుకున్నాను. గుమ్మంలో పిల్లాణ్ని చంకనెత్తుకుని మార్తమ్మ నిలబడి ఉంది.

పాట ఆగింది. నడవండని ఉపదేశి కసిరాడు. కొడుకులను పేరుపెట్టి పిలిచాడు. "కదుల్తలేదు నాయినా," అన్నాడు పెద్దకొడుకు.

ఫాదరు మా నలుగురినీ చూశాడు, తర్వాత మార్తమ్మను చూశాడు.

"జోజప్పగారు కూడా ఒక రాత్రి బిడ్డను కాపాడుకోవడానికి పరాయిదేశం పరుగెత్తినవాడే. ఏమంటారు ఉపదేశిగారూ?"

ఆగిన పాటను ఉపదేశి తనే ఎత్తుకున్నాడు. ఫాదరు తన చేతిలోని కొవ్వొత్తి మార్తమ్మకిచ్చాడు. ఆమె గడప దిగి ఆడవాళ్లలో కలిసింది. పల్లకి కదిలింది.

మర్నాడు ఏడింటికి పౌలయ్య బండిలోనే తిరుగు ప్రయాణం. ఊరు దాటాక అతని చెవిలో, "భలే ఆపావయ్యా. ఎవరికీ చెప్పన్లే," అన్నాను.

అతను పగ్గాలు బిగబట్టి వెనక్కి తిరిగాడు. "నేనాపిన్నా? నడుద్దామనే సూసిన, ఎనక మీరే బిగబట్టిన్రు. మీకెట్ల దండం పెట్టాల్నా అని రాత్రి నిద్ర పట్టలే."

నేను ఆపలేదన్నాను. అతను నమ్మలేదు. నేనూ అతన్ని నమ్మలేదు. ఉపదేశి కొడుకులను అడుగుదామంటే ఊరు వెనకబడిపోయింది.

లాంచీలో రాజమండ్రి దాకా ఆ కొయ్య కింద నా కాళ్లు ఏం చేశాయో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. దేవుడు ఆపాడని ఇప్పటికీ అనను. మా నలుగురిలో ఎవడో ఆపాడు. ఆ ఆపినవాడు నేనే అయితే ఎంత బాగుండును!