ముందు మనం దిగాలి

మా ఇంట్లో కుక్కను 'అది' అంటే మా ఆవిడ ఊరుకోదు. 'వాడు' అనాలి. ఆమె మాత్రం వాణ్ని నోరారా 'నాయనా' అని పిలుస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను 'ఏమప్పా' దాటి ఒక్క మెట్టు పైకెక్కించలేదు. సరే, ఇంటింటికో మర్యాద. నేనూ 'వాడు' అనే రాస్తాను.

మా ఆవిడ సముద్రం చూడలేదు. నంద్యాలలో పుట్టి, నంద్యాలలోనే మెట్టిన మనిషి. కుందూ నది పొంగితే చూసింది, కాలువలో నీళ్లు వదిలితే చూసింది. సముద్రం మాత్రం టీవీలోనే. పెళ్లయిన కొత్తలో చూపిస్తానని నేనే నోరు జారాను. మిడుతూరు దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. నాట్లు కానీ అన్నాను, కోతలు కానీ అన్నాను, వడ్లకు ధర రానీ అన్నాను. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. నిరుడు పొలం కౌలుకిచ్చేశాక చెప్పడానికి నా దగ్గర ఏ పంటా మిగల్లేదు. ఒకరోజు అన్నం తింటూ, "పా, సముద్రం చూసొద్దాం" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. వెంటనే తలుపు దగ్గర పడుకున్న వాడి వైపు చూసి, ఆ వెలుగు తగ్గించేసుకుంది.

"నాయన్ను యాడ ఇడ్సిపెట్టాల?" అంది.

ఎక్కడా విడిచిపెట్టలేం. ఆ సంగతి నాకూ తెలుసు. అంతకు ముందు బనగానపల్లెలో ఒక పెళ్లికి పోయి, వాణ్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, ఒక రాత్రి అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి వాడు గేటుకు ముక్కు ఆనించి కూర్చుని ఉన్నాడు. పెట్టిన పాలన్నం పెట్టినట్టే ఉంది, చీమలు పట్టి. మమ్మల్ని చూసి తోక ఊపలేదు, మొరగలేదు. మా ఆవిడ చీర కుచ్చిళ్లలో తల దూర్చి అట్లాగే నిలబడిపోయాడు. వాణ్ని ఇంకెప్పుడూ విడిచి పోనని ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది.

పోనీ వెంట తీసుకుపోదామా అంటే, వాడికి కారంటే ప్రాణభయం. దానికో కథ ఉంది.

వాడు మాకు దొరికింది చాగలమర్రి దాటాక, రోడ్డు పక్కన ఒక టీకొట్టు దగ్గర. కడప నుంచి వస్తూ మేం టీ కోసం ఆగాం. ఎముకల గూడులా ఉన్న కుక్కపిల్ల ఒకటి, ఆగిన ప్రతి కారు దగ్గరికీ ఉరికి, తలుపు తెరిచేదాకా చూసి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంటోంది. మా ఆవిడ ఏమిటని అడిగితే టీకొట్టు అతను చెప్పాడు: "ఎవురో తెల్లకార్లో వచ్చినారక్కా. దాన్ని కిందికి దించినారు, వాళ్లు దిగలా. తలుపేసుకోని ఎల్లిపోయినారు. రెండు మూడు దినాల్నుంచి ఈడే కూసోనుండాది." ఆమె కొంగు పరిచి ఎత్తుకుంది. ఆ రోజు వాడికి కారని భయపడే ఓపిక కూడా లేదు. ఒంట్లోకి సత్తువ వచ్చాక మాత్రం, నేను కారు తాళాలు చేతిలోకి తీసుకుంటే చాలు, మంచం కిందికి దూరేవాడు.

అందుకని సముద్రయానానికి సన్నాహాలు మా వాకిట్లోనే మొదలయ్యాయి. మా పాత కారు నాలుగు తలుపులూ తెరిచి నీడలో నిలబెట్టాను. మా ఆవిడ వెనక సీట్లో పాత నూలు చీర పరిచి, మధ్యాహ్నం అక్కడే కూర్చుని చిక్కుళ్లు ఒలిచేది. వాడి పెరుగన్నం గిన్నె మొదట కారు చక్రం దగ్గర, తర్వాత తలుపు దగ్గర, ఆ తర్వాత సీటు మీద. వీధిలో పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏమక్కా, కార్లో కాపురం పెట్టినారే" అని ఒకామె. "కుక్కతోక పట్టుకోని గోదారి ఈదినట్ల, నువ్వు కుక్కను పట్టుకోని సముద్రానికి పోతాండావా?" అని నా స్నేహితుడొకడు. ఆ స్నేహితుడికి నేనేం జవాబు చెప్పానో ఇక్కడ రాయదగినది కాదు.

మెల్లగా మా వాడు కారెక్కాడు. ఇంజను వేస్తే దూకేవాడు. దూకితే దూకనిచ్చాం. తర్వాత దూకడం మానేశాడు. వీధి చివరిదాకా, అక్కణ్నుంచి ఊరి బయటిదాకా పోయి, కిందికి దిగకుండానే వెనక్కి తిరిగి వచ్చేవాళ్లం. రెండుసార్లు కక్కుకున్నాడు. పశువుల డాక్టరు, బయల్దేరేముందు మేత పెట్టొద్దని చెప్పి, టీకా వేసి చీటీ రాసిచ్చాడు. నెల్లూరు వైపు లాడ్జీలకు ఫోన్లు చేశాను. కుక్క అనగానే పెట్టేసేవాళ్లు. ఒకాయన మాత్రం, "కరుస్తదా సార్?" అని అడిగాడు. అప్పటికే నా ఓపిక అడుగంటి ఉంది. "నేను కరుస్తానేమో గానీ వాడు కరవడయ్యా" అన్నాను. ఆయన నవ్వి, రమ్మన్నాడు. ఆ నవ్వుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇక మిగిలింది దూరప్రయాణం పరీక్ష. ఆళ్లగడ్డలో మా అక్క ఉంది. వాడు అక్కడిదాకా బాగా వస్తే సముద్రందాకా వచ్చినట్టే అనుకున్నాం. ఆ ఆదివారం దారి పొడుగునా వాడు కిటికీలోంచి చెవులెగరేస్తూ వచ్చాడు. మా ఆవిడ వాడి కంటే ఎక్కువ సంబరపడింది. గెలిచేశాం అనుకుని అక్క ఇంటి ముందు కారు ఆపాను.

మాలో ఒక పద్ధతి ఉంది. బండి ఏదైనా, ఎద్దులబండి కానీ ట్రాక్టరు కానీ, ముందు పసిపిల్లల్ని, ముసలివాళ్లను దించి, తర్వాత మిగతావాళ్లు దిగుతారు. ఆ మర్యాద చొప్పున నేను కిందికి దిగకుండానే చేయి చాపి వెనక తలుపు తెరిచాను. "దిగు నాయనా" అంటూ మా ఆవిడ వాణ్ని ముందుకు తోసింది.

వాడు కొయ్యబారిపోయాడు. గోళ్లు సీటులో దించి, వెన్ను ముడుచుకున్నాడు. ఆమె ఇంకొంచెం తోసింది. నేను కిందికి దిగి ఆ వైపు వెళ్లి తాడు పట్టుకుని లాగాను. అప్పుడు వాడొక కేక వేశాడు. అరుపు కాదది, ఏడుపు. సీటంతా తడిసిపోయింది. నాకు తల తిరిగిపోయింది. ఇన్నాళ్ల పాట్లు, కార్లో చిక్కుళ్లు, ఫోన్లు, అన్నీ గంగపాలు. "సముద్రం లేదు, గిముద్రం లేదు! పా ఇంటికి!" అని తాడు విసిరికొట్టాను.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఒద్దులేప్పా. సూడకుంటే సచ్చిపోతామా ఏంది" అంది, వాడి తల నిమురుతూ. ఆ మాట ఆమె ఎంత మెల్లగా అందో నాకిప్పటికీ గుర్తుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్క కాళ్లకు నీళ్ల చెంబుతో వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏందిరా నువ్వు చేస్తాండేది?" అంది. "వాణ్ని దిగమంటివి, మీరేమో బండ్లోనే కూసోనుంటిరి. అప్పుడు వాళ్లూ ఇట్లే కదా చేసింది?"

ఎక్కడమే భయం అనుకుని ఇన్నాళ్లు ఎక్కడమే నేర్పాం. వాడి భయం దిగడం. వాణ్ని ముందు దించినవాళ్లు వెనక దిగలేదు.

"ముందు మీరు దిగండి. తలుపు తీసే పెట్టు. లోపలికి రండి. వాని పక్క సూడాకండి" అని హుకుం జారీ చేసింది అక్క.

దిగాం. కాళ్లు కడుక్కున్నాం. అరుగు మీద కూర్చుంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. మా ఆవిడకు ముద్ద దిగడం లేదు. కారు వైపు తల తిప్పబోతే అక్క కసురుతోంది. నేను కారు తాళాలు అరుగు మీద అందరికీ కనబడేలా పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. కాసేపటికి కాళ్ల దగ్గర ఏదో తడిగా తగిలింది. చూస్తే వాడి ముక్కు. మా ఆవిడ రెండు కాళ్ల మధ్య దూరి కూర్చున్నాడు. అక్క లేచి అదే చెంబు తెచ్చి వాడి కాళ్ల మీద నీళ్లు పోసింది. "సుట్టమే కదప్పా వీడు కూడా" అంది. చిన్నప్పటి నుంచీ నన్ను తిడుతూనే పెంచిన మనిషి మా అక్క. ఆ రోజు ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెడితే దానికీ తిడుతుందని ఊరుకున్నాను.

తర్వాతి వారం నిజంగానే బయల్దేరాం. మా ఇద్దరి బట్టలూ ఒక సంచిలో, వాడి సామాను రెండు సంచుల్లో. దారిలో అక్క పులిహోర మూట అందించింది. చాగలమర్రి ఇంకా రాకముందే నేను వేగం పెంచాను. ఆ టీకొట్టు వాడి కంటబడకుండా దాటేయాలని నా ఆలోచన. వెనక సీట్లో వాడు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆపప్పా" అంది మా ఆవిడ.

"ఈడనా?"

"ఈడనే."

ఆపాను. ముందు మేమే దిగాం. తలుపు తెరిచి పెట్టి, అప్పటి బల్ల మీదే కూర్చుని టీ చెప్పాం. ఇంతలో ఒక తెల్లకారు వచ్చి మా పక్కనే ఆగింది. మా ఆవిడ నా చేయి పట్టుకుంది. మా కార్లోంచి వాడు దిగాడు. తెల్లకారును ఒకసారి చూశాడు. దాని దగ్గరికి పోలేదు. నేల వాసన చూశాడు, మైలురాయి దగ్గర కాలెత్తాడు, మేం గిన్నెలో పోసిన నీళ్లు తాగాడు. ఆ తర్వాత ఎవరూ పిలవకుండానే పోయి మా కారెక్కి, మా వైపు తిరిగి ఒక్కసారి మొరిగాడు.

మా ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "లెయ్యప్పా, బేగా. పిలుస్తాండాడు" అంది. సగం టీ గ్లాసులోనే వదిలేసి లేచాను. ఏదో ఒక పంట పేరు చెప్పి ఇన్నేళ్లూ ఆమెను ఆపినవాణ్ని నేను. ఇంత నమ్మకానికి నేనేం చేశానని అనిపించింది.

వాడు సీటు మీద నిలబడే ఉన్నాడు. మా ఆవిడ ఎక్కింది. వాడింకా కూర్చోలేదు. నేను అటు తిరిగి వచ్చి ఎక్కి, తలుపు వేసుకున్నాను. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరూ కింద మిగల్లేదని తేల్చుకున్నాకే వాడు కూర్చున్నాడు.