ఆర్కిడ్ అనే మాటకు అర్థం

మా ఆఫీసు వెనుక ఎక్కడో నీళ్ల పైపు పగిలి, అక్కడి గడ్డి ఎప్పుడూ చిత్తడిగా ఉండేది. వానాకాలంలో ఆ బురదలోంచి జానెడు కాడలు లేచి తెల్లపూలు పూసేవి. నేను వాటిని కలుపు అనుకునేవాణ్ణి. అవి అడవి ఆర్కిడ్లని చెప్పినవాడు మా టీంలోనే పనిచేసే, నాకంటే ఆరేళ్లు చిన్న కుర్రాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ కుటుంబం. నన్ను అన్నా అని పిలిచేవాడు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ చెంచాతో ఒక మొక్కను తవ్వి నా అరచేతిలో పెట్టాడు. అడుగున రెండు చిన్న గడ్డలు. ఒకటి ముడతలు పడింది, ఒకటి నున్నగా ఉంది.

"గ్రీకులో ఆర్కిస్ అంటే వృషణం అన్నా. ఈ గడ్డల్ని చూసే ఆ పేరు పెట్టారు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. కిందటేడు నెలరోజులు సెలవు పెట్టింది కామెర్లకు కాదన్నాడు. కణితి వస్తే ఒక వృషణం తీసేశారట. ఆపరేషన్ కాగితం మీద 'ఆర్కిడెక్టమీ' అని ఇదే మాట కనిపిస్తే అర్థం వెతికాడట.

"పాత గడ్డ ఈ ఏటి పువ్వుకి తిండిపెట్టి ఎండిపోద్ది. మిగిలిన ఒక్కదానితోనే మళ్లీ పూస్తది. అది చదివాక కాస్త నిద్రపట్టింది. ఎవరితో అనకన్నా."

అననని మాటిచ్చాను. మొక్కను మళ్లీ అక్కడే పాతాడు.

మూడు వారాలు నోరు మూసుకున్నాను. తర్వాత ఒక శుక్రవారం హోటల్లో బఫే భోజనానికి టీంతో పాటు మేనేజర్ కూడా వచ్చాడు. ఆయన మెప్పు నాకు అవసరం. బల్ల మీద ఆర్కిడ్లు కనిపించగానే ఆ పేరుకు అర్థం చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. ఇవన్నీ నీకెలా తెలుసని మేనేజర్ అడిగితే, పెరుగు తేవడానికి లేచిన అతని పేరు చెప్పి ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు.

"వాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది సార్? ఒకటి తీయించుకున్నాడుగా."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. తల తిప్పితే అతను పెరుగు గిన్నెతో నా వెనకే ఉన్నాడు. కూర్చుని, అన్నం మొత్తం తిన్నాడు.

సోమవారం నుంచి నన్ను 'అండి' అనడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అతనికి కొత్త పేరు పెట్టారు. "ఏంది ఆర్కిడ్, మల్ల లీవెప్పుడు?" అని పక్క సీటువాడు రోజూ పలకరించేవాడు. పుట్టినరోజుకు ఊదారంగు ఆర్కిడ్ కుండీ కొనిచ్చారు. కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను. థాంక్స్ చెప్పి తీసుకున్నాడు. రెండు నెలలకు రాజీనామా చేశాడు. ఆ ఏడే నాకు ప్రమోషన్ వచ్చింది.

నిరుడు లింగంపల్లి స్టేషన్లో భార్యతో కనిపించాడు. పాత ఆఫీసులో సీనియర్ అని పరిచయం చేశాడు. ఆవిడ కాస్త పక్కకు వెళ్లగానే నేను క్షమించమని అడగబోయాను.

"ఆవిడకి ఆపరేషన్ సంగతి తెలుసండి. ఆఫీసులో జరిగింది తెలీదు. తెలియనివ్వకండి," అన్నాడు మెల్లగా.

ఆవిడ తిరిగొచ్చి బత్తాయి ఒలిచి నాకు సగం పెట్టింది. తిన్నాను. రైలు వచ్చింది. "ఒకసారి మా ఇంటికి రండి అన్నయ్యగారూ," అంది. ఇల్లు ఎక్కడో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు.