కడియాలతో తూచాను

సేరున్నర వెండి ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను చొప్పదండి దగ్గరి పల్లెలో గ్రామసేవికను. ఆడవాళ్లకు ఏ తిండిలో ఏ బలముందో పాఠం చెప్పడం, బరువు తక్కువున్నవాళ్లకు పాలపొడి ఇవ్వడం నా పని. జొన్న గటక తాగి మగ్గం దగ్గర కూర్చునేవాళ్లకు గుడ్ల గొప్పతనం చెప్పాను. నోరు తెరుచుకుని వినేవారు. మట్టిబుర్రలు అనుకునేదాన్ని. పుస్తకం చూసి వల్లించే నా బుర్ర ఏపాటిది?

మొదటిసారి తూచినప్పుడు, నూనె రాయించి మరీ అందరి కాళ్ల కడియాలు తీయించాను. ఆరు నెలలకు పెద్దాఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఒక్కరూ ఒళ్లు చేయలేదు. ఎందుకు చేస్తారు, పాఠం కడుపు నింపుతుందా? కానీ పట్టికలో బరువు పెరగకపోతే ఆయన ముందు నా పరువేం కావాలి? ఈసారి కడియాలు ఉంచే తూచాను.

నేతపని చేసే రాజవ్వ, చంటిపిల్ల తల్లి, కాంటా ఎక్కబోతూ వంగి కడియం పట్టుకుంది.

"ఇవి తియ్యాలె గదమ్మా?"

"ఉండనియ్యి. ఎక్కు."

"పోయినసారి తీపిచ్చినవ్ గదా?"

"నాకే చెప్తున్నవా? ఎక్కు."

ఎక్కింది. సేరున్నర పెరిగావన్నాను. తన కళ్లను కాదని నా మాట నమ్మి సంతోషంగా నవ్వింది. ఎంత తెలివితక్కువదో అని నేనూ లోలోపల నవ్వుకున్నాను.

ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఊరు కోలుకుందని పాలపొడి ఇంకో ఊరికి మళ్లించాడు. నేను నోరు విప్పలేదు.

వానాకాలంలో రాజవ్వకు జ్వరమొచ్చింది. వారానికే పోయింది. కడసారి చూడ్డానికి వెళ్లాను. వాళ్లత్త నన్ను నిందించలేదు, ఊరికే చెప్పింది.

"'సేవికమ్మ తూచి చెప్పింది, నేను మంచిగున్న' అనుకుంట తన గటక నాకే పోసేది."

ఆ మాట అంటూనే కోడలి కాళ్ల కడియాలు లాగింది. నూనె అక్కర్లేకుండానే జారి వచ్చాయి.

జ్వరమే చంపిందని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. పట్టిక దిద్దవలసిన రోజున దిద్దలేదు, ఆ తరువాతా దిద్దలేదు, మెప్పు మాత్రం దాచుకున్నాను. నా అంత నీచురాలిని నేను చూడలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాజవ్వ బరువు పెరగలేదు. నేను కడియాలతో తూచాను. ఇన్నాళ్లకు ఆ మాట అనగలిగాను.