కాసోస్ నుంచి కార్పాథోస్‌కు ఐదు నిమిషాలు

మా అక్క సెవస్తి పురుడు పోసిన పిల్లలు ఇవాళ సముద్రాల మీద ఓడలు నడుపుతున్నారు. ఆమె చేతి రొట్టె లేకుండా మా కాసోస్ దీవిలో పెళ్లి జరిగేది కాదు. తుపానులో పడవ ఊగిపోతుంటే, చర్చిలో దీవించిన రొట్టె ముక్క అలల్లోకి విసిరి నిబ్బరంగా కూర్చునే మనిషి. నేనూ తక్కువవాణ్ని కాదు. బడిలో నాలుగో తరగతితో ఆగినా, సరుకు ఓడల్లో ముప్పై ఏళ్లు సరంగుగా చేశాను. రెండు మహాసముద్రాలు దాటాను. మా ఇద్దరికీ ఉన్న భయం ఒక్కటే: విమానం.

ఆ చలికాలం పక్క దీవి కార్పాథోస్‌లో ఉన్న అక్క మనవరాలు మరూకాకు కొడుకు పుట్టాడు. అంతకుముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. వీడూ రొమ్ము పట్టడం లేదు. మా దీవుల్లో బిడ్డ పుట్టిన ఏడో రోజు సాయంత్రం ఏడుగురు పునీతుల పేర ఏడు మైనపు వత్తులు వెలిగిస్తాం. ఆఖరిదాకా వెలిగిన వత్తి ఎవరిదో ఆ పునీతుడే బిడ్డకు కాపు. అక్కే వచ్చి వెలిగించాలని మరూకా ఫోనులో ఏడ్చింది. ఆ ఏడో రోజున గాలికి పడవలు ఆపేశారు. మిగిలింది విమానమే.

"ఇరవై చిల్లర కిలోమీటర్లే అక్కా. ఐదు నిమిషాలట."

"పడ్డానికి అంతసేపు కూడా అక్కర్లేదురా నికితా. రెండు సముద్రాలు దాటిన మొనగాడివి, కాళ్లెందుకు వణుకుతున్నాయి?"

"చలికి."

ఆ బుల్లి విమానం లేవగానే గాలి పక్కనుంచి కొట్టింది. వత్తుల మూట అక్క గుప్పిట్లో ఉంది. కింద నేను ఎన్నోసార్లు దాటిన జలసంధే, తెల్లటి నురగతో ఎవరిదో సముద్రంలా కనిపించింది.

"ఇంజను ఆగిందిరా!"

"లేదక్కా," అన్నాను. నాకూ ఏమీ వినిపించడం లేదు.

అక్క సంచిలోంచి రొట్టె తీసింది. "అమ్మాయ్, కాస్త కిటికీ తియ్యి."

"అది తెరుచుకోదు బామ్మా!" అంది విమానంలో పనిచేసే పిల్ల.

"సముద్రంలో ముక్క వెయ్యాలమ్మా!"

"కిటికీ తీస్తే ముందు నువ్వే పడతావు సెవస్తత్తా!" అన్నాడు వెనక సీటులోంచి జాలరి మినాస్. ఎవరూ నవ్వలేదు. విమానం ఒక పక్కకు ఒరిగింది. కొండ మా మీదికే వస్తున్నట్టుంది. అక్క రొట్టె తుంచి నా నోట్లో పెట్టి, మిగతాది వెనక్కి అందించింది. నేను ముక్క మింగకముందే చక్రాలు నేలను తాకాయి.

మరూకా ఇంట్లో మూట విప్పేసరికి అక్క మొహం పాలిపోయింది. ఆకాశంలో కూడా ఆమె అంత బెదరలేదు. భయంతో బిగించిన గుప్పిట్లో వత్తులన్నీ నలిగి ఒకే ముద్ద అయ్యాయి.

"పునీతులందర్నీ కలిపేశాన్రా. ఇప్పుడు వీడికి ఎవరు దిక్కు?"

పొద్దు వాలుతోంది. మరూకా బిడ్డను గుండెకు హత్తుకుని మా వంకే చూస్తోంది. అక్క పొయ్యి దగ్గర కూర్చుని, ఆ ముద్దను అరచేతుల్లో వేడిచేసి మళ్లీ ఏడు వత్తులుగా సాగదీసింది. ఒక్కోదానికీ పైకి వినబడేలా పేరు పెట్టింది. ఆ వరసలోనే వెలిగించింది.

ఒక్కొక్కటే ఆరిపోయాయి. మిగిలింది పురిటి తల్లులను కాచే ఎలెఫ్తేరియోస్ వత్తి. అదీ వంగింది. విమానంలో కంటే ఇక్కడే ఎక్కువసేపు ఊపిరి బిగబట్టాను. ఉన్నట్టుండి బిడ్డ కెవ్వుమన్నాడు. రొమ్ముకోసం తల తిప్పి వెతుక్కున్నాడు.

పట్టాడు.

అక్క అక్కడే నేలమీద చతికిలబడింది. గాలి తగ్గి పడవ కదిలేదాకా మేమిద్దరం కార్పాథోస్‌లోనే ఉండిపోయాం.