ఏడువందల కిలోల బండి

2017 జూన్, రెండో సోమవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. టైము యాదికుంది. యాదగిరి అప్పుడే చాయ్ తాగుదామన్నడు, సామాను దింపినంకనే అని నేను కసురుకున్న.

నాంపల్లిల తోపుడు బండి లాగుడు నా పని. ముప్పై ఏండ్లు లాగిన. యాదగిరి నా జోడి. ఆ రోజు కాగితం కట్టలు అబిడ్స్‌ల ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు తీస్కపోతున్నం. గన్‌ఫౌండ్రీ దిక్కు ఒక గల్లీల ఉతార్ ఉంటది, అంటే దిగుడు. ఆడ మా కాయిదా ఒకటే. ముందటోడు డండా పట్టుకొని వెనక్కి వాలాలె, వెనకోడు తాడు గుంజి పట్టాలె. తాడు జారిందా, ముందటోడు బండి వదిలి పక్కకు దుంకాలె.

వాన తుంపర. నా చేతిల తాడు జారింది.

"నర్సన్నా, వదిలెయ్యాల్నా?" అని యాదగిరి ఒర్రిండు.

కింద చాయ్ అమ్మే బాలమణి అప్పటికే పక్కకు జరిగింది. ఎదురుంగ గోడ తప్ప ఏం లేదు. బండి, మనిషి జర జోరుగ నడిచినంతనే పోతున్నది.

"వదలకురా! మెల్లగనే ఉంది, ఆపు!" అన్న. కట్టలు తెగి కాగితం బురదల పడ్తదని అన్న. అంతే.

ఆగలే. గోడకూ బండికీ నడుమ యాదగిరి. దవాఖానకు చేరేలోపే పానం పోయింది.

నాకు అక్షరాలు అరవై దాటినంక వచ్చినయ్. నేర్పింది యాదగిరి బిడ్డ అనిత. ఇంటర్ చదువుతుండె. ఒకనాడు దాని ఫిజిక్స్ పుస్తకంల మొమెంటమ్ అనే మాట కూడబలుక్కొని చదివిన.

"ఏంది బిడ్డా గిది?"

"కిలోలను వేగంతోటి గుణిస్తే వచ్చేది, పెద్దనాయినా. అది ఎంత ఎక్కువుంటే, కదిలేదాన్ని ఆపుడు అంత కష్టం. నువ్వే ఒక లెక్క చెప్పు, చేద్దాం."

నా నోట్లెకెళ్లి బండే వచ్చింది. కాగితం ఆరువందల కిలోలు, బండి నూరు. సెకనుకు రెండు మీటర్లు. పద్నాలుగు వందలు, అని రాసింది. డెబ్బై కిలోల మనిషి సెకనుకు నాలుగు మీటర్లు ఉరికితే, అని అడిగిన. రెండువందల ఎనభై.

పెన్సిల్ ఆగింది.

"డెబ్బై కిలోలంటే నాయిన కదా? ఐదుగురు నాయినలు ఎదురురికొచ్చి గుద్దితే గాని ఆగకపోతుండె. మరి ఎందుకు వదల్లే?"

"వదలకని నేనే అన్న, బిడ్డా."

పుస్తకం మూసింది. మళ్ల నా దగ్గర కూసోలే. ఇది రాసేటందుకు సరిపోను అక్షరాలు అప్పటికే ఇచ్చింది.

బండి పనికి వచ్చేటోళ్లకు ఒక్కటే చెప్త. మెల్లగ పోతున్నదని మోసపోకు. దాని మీద ఏమున్నదో చూడు. వదిలెయ్.

ఆ రోజు ఆ గల్లీల ఉన్నది ముగ్గురం. చాయ్ బాలమణి. తాడు జారవిడిసిన నేను, నర్సయ్య. నా మాట విన్న యాదగిరి.