లేటు బండికి పరిహారం

రాయపూర్ మీదుగా మనవాళ్ళెవరు వెళ్తున్నా స్టేషనుకి క్యారియర్ పట్టుకెళ్ళడం మా రైల్వే కాలనీ తెలుగిళ్ళల్లో ఆనవాయితీ. ఈ రోజు మా బావమరిది విశాఖ నుంచి ఢిల్లీ వెళ్తున్నాడు. తమ్ముడికి పెట్టకుండా తినకూడదని మా ఆవిడ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. పొద్దున్నే రావలసిన బండి మధ్యాహ్నం దాటాక వచ్చింది.

ట్రైనింగుకని ఇంగ్లండు వెళ్ళి ఈమధ్యే తిరిగొచ్చిన ఆ మహానుభావుడు, పలకరింపైనా లేకుండా కిటికీలోంచే మొదలెట్టాడు.

"అక్కడైతే బండి ఇంత లేటయితే క్లెయిమ్ పెట్టుకోవచ్చక్కా! ఎక్కినోళ్ళకి డబ్బులు తిరిగిచ్చేస్తారు."

"అచ్ఛా! మరి ప్లాట్‌ఫారం మీద కాసుక్కూచున్నోళ్ళకి ఏటిస్తార్రా?" అంది మా ఆవిడ.

వాడు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వింకా తిన్లేదేటి?" అంటూ, ఈలోగా నేను బోగీలోకెక్కి ఇచ్చొచ్చిన క్యారియర్ మూత గబగబా తీసి, పులిహోర మొదటి ముద్ద ఊచల మధ్య నుంచి అక్క నోటికే అందించాడు. అంతలో బండి కదిలింది. మా ఆవిడ నోరు మెదపలేక చెయ్యి ఊపుతూ నిలబడిపోయింది.

ఆవిడ క్లెయిమ్ అక్కడికక్కడే తీరిపోయింది. అదే ప్లాట్‌ఫారం మీద అంతసేపూ ఆకలితో నిలబడ్డ బావగారికి మాత్రం ఒక్క మెతుకు రాలలేదు. నా క్లెయిమ్ నేనెవరికి పెట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి!