ఆఖరి ఇంటి కప్పు

పెళ్లయి ఆ ఊరికి కాపురానికి వెళ్లిన వేసవిలోనే మా అత్తగారు నన్ను పక్కింటి కప్పు నేతకు తీసుకెళ్లింది. వానలు పడకముందే తాటాకు ఇళ్లన్నింటికీ పాత ఆకు తీసి కొత్త ఆకు వేయాలి. ఎవరి ఇల్లు వాళ్లు వేసుకోవడం ఆ ఊళ్లో లేదు. ఒక్కో రోజు ఒక్కో ఇల్లు. ప్రతి గడప నుంచీ ఒక మనిషి రావలసిందే. మగవాళ్లు కప్పెక్కుతారు, ఆడవాళ్లు కింద నుంచి ఆకు అందిస్తారు, ఇంటివాళ్లు అందరికీ వండి పెడతారు. కూలి అన్న మాటే లేదు.

మా ఆయన విశాఖపట్నం పోర్టులో ఓడల్లో సరుకు దించే కలాసీ. వారమంతా పట్నంలోనే తోటి కలాసీలతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. ఆదివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవాడు. అందుకని మా గడప తరఫున వెళ్లే మనిషి ఎప్పుడూ మా అత్తగారే. ఆవిడ పోయాక ఆ వంతు నాదైంది.

నేను ఎలమంచిలి బజారులో పుట్టి పెరిగినదాన్ని. తాటాకు ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా తెలియదు. మొదటి రోజు అరచేతులు రెండూ కోసుకుపోయాయి. కప్పు మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన నా అవస్థ చూసి నవ్వాడు.

"కోడలా, ఆకుతోటి దెబ్బలాడకు. మట్ట నాకేసి సూపించి అందియ్యి. అదే వొచ్చేత్తాది."

ఆయనది మా ఎదురిల్లు. వరసకు నాకు మావ. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒక జత ఎడ్లు, ఒక బండి, ఇంత ఇల్లు. ఊళ్లో ఏ ఇంటి కప్పయినా మొదట ఎక్కేది ఆయనే, ఆఖరున దిగేదీ ఆయనే.

మా పక్కింటావిడ నాకు వదిన వరస. మా చూరు నీళ్లు వాళ్ల పెరట్లో పడుతున్నాయని మా అత్తగారి రోజుల నుంచే తగాదా. ఆ తగాదా ఇంటితోపాటే నాకూ వచ్చింది. ఎదురుపడితే ఆవిడ మొహం తిప్పుకునేది. అయినా మా కప్పు వేసే రోజున అందరికంటే ముందే నడుముకి కొంగు బిగించి వచ్చేది. నేనూ వాళ్లింటికి అలాగే వెళ్లేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కనే నిలబడి ఆకు అందిస్తూ ఒక్క మాట మాట్లాడుకునేవాళ్లం కాదు. మర్నాడు మళ్లీ ఎప్పటిలాగే.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని, మా ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ ఖాళీ చెయ్యాలని చాలాకాలం అంటూనే ఉన్నారు. అంటూ అంటూ ఉండగానే జీడితోటల్లో రాళ్లు పాతారు, ఎర్రమట్టి రోడ్లు పడ్డాయి, లారీలు తిరిగాయి. దూరంగా ఒక బయలులో కాలనీ అని ఇంటికింత స్థలం చూపించారు. చెట్టు లేదు, నీడ లేదు. అక్కడ కట్టుకోవాలంటే ఇక్కడి వాసాలు, దూలాలు, తలుపులు కావాలి. అందుకని ఇళ్లు విప్పడం మొదలైంది.

విప్పడానికి కూడా పాత పద్ధతే. ఇంటికో మనిషి. మొదటి ఇల్లు విప్పిన రోజున ఊరంతా వచ్చింది. మగవాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పాత ఆకు కిందికి తోస్తుంటే దుమ్ములో నవ్వులు. ఆడవాళ్లం రోడ్డు పక్కన రాళ్ల పొయ్యి పెట్టి ఎండు నెత్తళ్ల పులుసు వండాం. సాయంత్రానికి గోడలు మాత్రం మిగిలాయి. ఆ ఇంటి పెద్దావిడ బండెక్కబోయి, దిగి, పొయ్యి ఉన్న చోట నేలను చేత్తో తడిమి మళ్లీ ఎక్కింది. అప్పుడు ఎవరం నవ్వలేదు.

వెళ్లినవాళ్లు మళ్లీ సాయానికి రావడం తగ్గిపోయింది. దూరం ఒకటి. దానికి తోడు మగవాళ్లకు ఫ్యాక్టరీ పనుల్లో మట్టి మోసే కూలి దొరికింది. ఒక ఇంటికి పదిమంది వస్తే తరవాతి ఇంటికి ఆరుగురు. సాయంత్రం వీధిలో దీపాలు ఒక్కొక్కటే తగ్గాయి. వదిలేసిన కుక్కలు మొండి గోడల మధ్య తిరిగి తిరిగి మా గుమ్మం ముందు వచ్చి పడుకునేవి. నూతి దగ్గర చేద వేస్తే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడేది. అంతకుముందు ఆ నూతికి అంత చప్పుడు ఉందని నాకు తెలియదు.

మాకు స్థలం ఆలస్యంగా దొరికింది. అప్పటికి మా వీధిలో మూడిళ్లే మిగిలాయి. నాది, వదినది, మావది. ముందు వదిన వాళ్లు కదిలారు. నేను, మావ వెళ్లి ఆవిడ భర్తతో కలిసి ఇల్లు విప్పాం. బండి కదిలే ముందు ఆవిడ నా వైపు చూసింది. ఏదో అంటుందనుకున్నాను. "నీ కోడిపెట్ట మా పెరట్లో పొదిగింది. సూసుకో," అని తల తిప్పుకుంది.

తరవాత మాది. మా ఆయన పనికి సెలవు పెట్టి వచ్చాడు. కప్పు మీద మావ, కింద మేమిద్దరం. మావ మా ద్వారబంధాన్ని పగలకుండా, గోడలో నుంచి పన్ను పీకినంత జాగ్రత్తగా తీశాడు. తన బండి మీదే కాలనీకి చేర్చాడు. సామాను దించాక నాకు అప్పుడు తట్టింది.

"మరి నీ ఇంటికెవురు మావా?" అన్నాను.

"నా ఇంటికేటమ్మా. గాలే ఊడదీసీగల్దు."

"నానొస్తాను."

ఆయన ఎడ్లను బండికి కట్టాడు. "నివ్వొస్తే సాలు," అని మాత్రం అన్నాడు.

కాలనీలో మాకు ఒక పక్క వేరే ఊరివాళ్లు, ఇంకో పక్క ఇంకో ఊరివాళ్లు. మా ఊరివాళ్లు ఎక్కడెక్కడో వరసల్లో చెదిరిపోయారు. నేను ఎవరినీ పిలవకముందే మా ఆయన ఒక తాపీమేస్త్రీని మాట్లాడి గోడలు లేపించాడు. మేస్త్రీ రెండోసారి వచ్చినప్పుడు నా మొహం కూడా గుర్తుపట్టలేదు. మా ఆయన పోర్టుకి వెళ్లిపోయాడు. పగలంతా ఆ బయలు మీద ఎండ, గాలి, దూరంగా యంత్రాల మోత. మాట్లాడే మనిషి లేక పొయ్యి దగ్గర నాతో నేనే మాట్లాడుకునేదాన్ని. ఒకసారి పక్కింటి కొత్త మనిషి అది విని ఆగి చూస్తే, సిగ్గుపడి పాట పాడుతున్నట్టు నటించాను.

మావ ఇల్లు విప్పాలని మా ఊరివాళ్ల ఇళ్లన్నీ వెతుక్కుంటూ తిరిగాను. ఎవరూ కసురుకోలేదు. అదే కష్టమైంది.

"ఎల్లాలమ్మా, ఎల్లకపోతే ఎలాగ? గానీ ఒక్క రోజు పనికెళ్లకపోతే మేస్త్రీ మరి రావొద్దంటాడు," అన్నాడు ఒకాయన. ఏ కప్పు మీదైనా మావ పక్కనే కూర్చునేవాడు ఆయన.

ఇంకొక ఇంటి ఆవిడ మంచినీళ్లిచ్చి, "ఆ మావకి సెప్పు, మేమందరం బాగున్నామని," అంది. మరొక ఇంటికి తాళం. వదిన వాళ్ల వరస దాకా వెళ్లాను గాని గుమ్మం ఎక్కలేదు. ఆవిడ బయటే బట్టలు ఆరేస్తోంది. పక్క గుమ్మంలో నేను మర్నాటికి సాయం అడగడం వినే ఉంటుంది. నేను వెనక్కి తిరిగాను.

మర్నాడు పొద్దున్నే కత్తి, తాడు తీసుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. కాలనీ దాటి ఎర్రమట్టి రోడ్డెక్కాక వెనక గాజుల చప్పుడు. వదిన. భుజం మీద తాళ్ల చుట్ట, చేతిలో అంబలి ముంత.

"ఒక్కదానివి దూలం దించగలవేటి?" అంది.

"నివ్వొస్తావనుకోనేదు వదినా."

"నా కొంప మీద ఎన్నేళ్లు ఎక్కినాడో ఆ ముసిలాయన! రాకుండెలాగుంటాను? పద, ఎండెక్కిపోతాది."

లారీలు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి పోతుంటే ఇద్దరం చీర కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచాం. దారంతా మేం మాట్లాడుకున్నది అంతే.

మా వీధి గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. గోడలు కూడా చాలావరకు నేలమట్టం చేసేశారు. ఆ చదును మధ్యలో మావ ఇల్లొక్కటే నిలబడి ఉంది. ఆయన అప్పటికే కప్పెక్కి సగం ఆకు తీసేసి, మిగతా సగం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మమ్మల్నిద్దరినీ కలిపి చూసి బీడీ పారేశాడు.

"ఓలమ్మ! మీరిద్దరూ కలిసొచ్చినారేటే!"

"కబుర్లు తరవాత. ఆకు తొయ్యి," అంది వదిన.

ఆకు, వాసాలు మధ్యాహ్నం లోపు అయిపోయాయి. కష్టమంతా దూలంతోనే. ఒక చివర మావ తాడు కట్టి మొండిగోడ మీద నుంచి వదులుతుంటే, రెండో చివర మేమిద్దరం భుజాలు పెట్టాం. బరువు ఒక్కసారి మీదకి వచ్చేసరికి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. వదిన తన భుజం నా వైపు జరిపి ఎక్కువ బరువు తన మీదకి తీసుకుంది. "ఊపిరి బిగబట్టకు, వొదులు," అని నెమ్మదిగా చెప్పింది. దూలం నేల మీద పడ్డాక ముగ్గురం దాని మీదే కూర్చుండిపోయాం.

అంబలి తాగుతుంటే అడిగాను. "కాలనీలో నీకే వరసలో ఇచ్చినారు మావా? ఈ వాసాలు ఎక్కడ దించాల?"

"నాను కాలనీకి రావట్లేదమ్మా. పద్మనాభంలో మా సెల్లి కూతురుంది. ఆళ్లకి దుక్కికి ఎడ్లు కావాల. నాకో మూల కావాల. వాసాలు మీరిద్దరూ పట్టుకుపోండి."

వదిన ముంత కింద పెట్టింది. "కర్ర అక్కర్లేకపోతే మరెందుకు ఇల్లు విప్పించినావు? మా నడుములిరిగిపోనాయి."

ఆయన కోపం తెచ్చుకోలేదు. చుట్టూ ఆ ఖాళీ నేలను చూసి అన్నాడు. "రేపో మాపో ఎవుడో మెషీనుతోటి తోసేస్తాడు. మనం నేసిన కప్పు మనమే దించుకుంటే బాగుంటాదని."

వదిన లేచి వాసాలు బండి దగ్గరికి మొయ్యడం మొదలుపెట్టింది.

పొద్దు వాలేసరికి బండి కాలనీ చేరింది. సగం కర్ర వదిన ఇంటి దగ్గర, సగం మా ఇంటి దగ్గర దించాడు. అన్నం తిని వెళ్లమంటే వినలేదు. ఎడ్లకు నీళ్లు పెట్టి, "ఉంటానమ్మా," అని బండెక్కాడు. తరవాత ఆయన్ని నేను చూడలేదు. కొన్నాళ్లకు పద్మనాభం నుంచి వచ్చిన పాలవాడు ఒకడు ఆయన పోయాడని చెప్పాడు.

వదిన, నేను ఆ రోజు తరవాత స్నేహితులమైపోయామని చెప్పలేను. నీళ్ల ట్యాంకు దగ్గర కలిస్తే పలకరించుకునేవాళ్లం. చూరు తగాదా పెట్టుకోవడానికి మా ఇళ్లు ఇప్పుడు పక్కపక్కన లేవు. ఆ తగాదా అయినా ఉంటే బాగుండునని కొన్ని సాయంత్రాలు అనిపించేది. ఏడాది తిరక్కుండానే ఆవిడ భర్త పరవాడ దగ్గర అత్తారింటి పొలానికి వెళ్లిపోదామన్నాడు. చెప్పడానికి వదినే మా ఇంటికి వచ్చింది. కప్పు పని కాకుండా ఆవిడ మా గుమ్మం లోపలికి రావడం అదే మొదటిసారి. పీట వేస్తే కూర్చుని ఇల్లంతా కలియజూసింది.

"ఎప్పుడు ఎల్తారు? సాయానికొస్తాను," అన్నాను.

"ఏటుంది సాయానికి? ఇల్లు కొన్నోళ్లు ఎలాగున్నది అలాగ ఉంచీమన్నారు. తాళం ఇచ్చీడమే," అంది.

కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా వెళ్లి సాగనంపాను. ఆ ఆదివారం మా ఆయన పోర్టు నుంచి వచ్చి, "ఏటలాగున్నావు? ఏటయినాది?" అని అడిగితే, ఏమీ కాలేదని చెప్పి అన్నం వడ్డించాను.